సంగీతకారుల కబుర్లు వింటూ ఇంగ్లీషు నేర్చుకున్న ఆరున్నర నెలలు

జనవరి 5న ఒక ఫోను సమావేశం ముగుస్తుండగా అవతలి బృందంలోని ఒకాయన "ప్లే ఇట్ బై ఇయర్" అన్నారు. అందరూ సరేనన్నారు, నేనూ సరేనన్నాను. ప్లే అన్నారు, ఇయర్ అన్నారు కాబట్టి ఏదో ఆడియో పంపుతారు, విని అభిప్రాయం చెప్పాలి కాబోలు అనుకున్నాను. రెండు రోజులు ఆ ఆడియో కోసం ఎదురుచూశాను. 7వ తేదీ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక "ఆడియో ఇంకా అందలేదు" అని సందేశం పెట్టాను. ఆయన మర్యాదస్తుడు, నవ్వకుండానే వివరించారు. ముందే ఏదీ ఖాయం చేసుకోకుండా, అప్పటికి ఎలా ఉంటే అలా చూసుకుందాం అని దాని అర్థమట. స్వరాలు రాసుకున్న కాగితం లేకుండా, చెవితో విని వాయించేవాళ్ల దగ్గర నుంచి వచ్చిన మాట అది.

నాకు ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. నివేదికలు చదువుతాను, ఉత్తరాలు రాస్తాను. పెద్ద పెద్ద మాటలన్నీ తెలుసు. చిన్న మాటల దగ్గరే బోల్తా పడతాను. 'ఇంప్లిమెంటేషన్' అంటే తడుముకోను. 'గెట్', 'అవే', 'విత్' విడివిడిగా ఒకటో తరగతి నుంచీ తెలుసు. ఆ మూడూ కలిసి వస్తే మాత్రం నోరు తెరుచుకుని చూస్తాను.

వాద్యం తెలిసినవాళ్ల మాటతోనే పరువు పోయింది కాబట్టి వాళ్ల దగ్గరే నేర్చుకుందామని పంతం పట్టాను. పంతం పక్కన పెట్టినా అందులో కొంత లెక్క ఉంది. సంగీతకారుడు ఇంటర్వ్యూలో ఉపన్యాసం ఇవ్వడు. చిన్నప్పుడు ఇంట్లో ఏం వినిపించేదో, తోటి వాద్యకారుడితో ఎందుకు చెడిందో, దారిలో వ్యాను ఎలా ఆగిపోయిందో చెబుతాడు. నాకు కావలసింది సరిగ్గా అలాంటి భాష.

జనవరి 9న మొదలుపెట్టాను, పప్పులో కాలేశాను. ఒక రాక్ బృందంలోని నలుగురూ కలిసి మాట్లాడిన గంటసేపు వీడియో ఎంచుకున్నాను. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకుంటారు. ఇరవయ్యో నిమిషంలో డ్రమ్మర్ ఏదో గొణిగాడు, మిగిలిన ముగ్గురూ విరగబడి నవ్వారు, అడిగేవాడు కూడా కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఆ ముక్కను పదకొండు సార్లు వెనక్కి తిప్పి విన్నాను. క్యాప్షన్లలో అక్కడ 'నవ్వు' అని మాత్రమే ఉంది. మూడు రోజుల్లో మానేశాను. మీరు మొదలుపెడితే నలుగురున్న వీడియోతో మాత్రం మొదలుపెట్టకండి.

జనవరి 14న దారి మార్చాను. 'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' అనే పాడ్‌కాస్ట్ ఉంది. హృషికేశ్ హిర్వే 2014లో మొదలుపెట్టాడు. సంగీతకారుడు తన పాట ఒకదాన్ని ముక్కలుగా విప్పి, ఏ ముక్క ఎలా పుట్టిందో చెబుతాడు. అడిగేవాడి ప్రశ్నలు దాదాపుగా కత్తిరించేస్తారు, కాబట్టి వినాల్సింది ఒక్క గొంతే. నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి! చెబుతున్న శబ్దాన్ని వెంటనే వినిపిస్తారు కాబట్టి, మాట అర్థం కాకపోయినా దేని గురించి మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. అయినా మొదటి భాగంలో ఇరవై నిమిషాలలోపు మాటలు పూర్తిగా అందడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, రోజుకు నలభై అయిదు నిమిషాల లెక్కన. వేగం 0.75కు తగ్గించి చూశాను. అలా తగ్గిస్తే మనిషి మత్తులో ఉన్నట్టు మాట్లాడతాడు తప్ప, కలిసిపోయిన మాటలు విడిపోవు. వారం తర్వాత మామూలు వేగానికే వచ్చేశాను, అదే మంచిదైంది.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. వినడానికి దాదాపు ఏమీ కాలేదు, నేను విన్నవన్నీ ఉచితంగా దొరికినవే. రెండు నోటు పుస్తకాలు, ఒక జత ఇయర్‌ఫోన్లు. మొదటి జత రోజూ జేబులో కుక్కడం వల్ల మార్చిలో ఒక చెవి చచ్చిపోయింది. పదాలు గుర్తుచేసే ఒక యాప్‌కు ఉత్సాహంలో ఏడాది చందా కట్టి, మూడో వారానికి తెరవడం మానేశాను. ఆ డబ్బు గురించి మాట్లాడుకోవద్దు. అసలు ఖర్చు సమయం. ఈ ఆరున్నర నెలల్లో నూట ఇరవై గంటలు దాటింది.

ఫిబ్రవరి మొదటి వారానికి నోటు పుస్తకంలో నలభై మాటలు చేరాయి. గర్వంగా మా అక్కకు చూపించాను. ఆమె ఇంగ్లీషు నాకంటే ఎంతో మెరుగు. పేజీ తిప్పింది. ఫ్రెట్, రివర్బ్, స్నేర్, ఫాల్సెట్టో, కేపో.

"నువ్వు ఇంగ్లీషు నేర్చుకోవడం లేదురా, వాద్యాల దుకాణంలో సరుకు లెక్క రాస్తున్నావు" అంది.

"కొత్త మాటలు కదా అక్కా!"

"కొత్తవే. రేపు ఎవరితో అంటావు వీటిని?"

కోపం వచ్చింది కానీ జవాబు రాలేదు. ఆ నలభైలో ముప్పై ఒకటి కొట్టేశాను. ఆ రాత్రే అదే భాగాన్ని మళ్లీ విన్నాను. ఈసారి సంగీతం మాటలు వదిలేసి, వాటి చుట్టూ ఉన్న చిన్న మాటలు మాత్రం రాసుకున్నాను. 'కమ్ అప్ విత్', 'ఎండ్ అప్', 'టర్న్ అవుట్', 'మెస్ అరౌండ్', 'ఫిగర్ అవుట్', 'షో అప్'. ఇవన్నీ నేను ఇదివరకు వింటూనే ఉన్నాను, తెలిసిన మాటలే అని చెవి వాటిని దాటేసేది. ఏ సంగీతకారుడైనా పని గురించి చెప్పాడంటే వీటి మీదే నడుస్తాడు.

వీటికి నిఘంటువు అర్థాలు రాసుకుంటే గుర్తుండలేదు. మనం ఆ సందర్భంలో ఏమంటామో అది రాసుకున్నప్పుడు అతుక్కున్నాయి. 'ఇట్ టర్న్డ్ అవుట్' అంటే నిఘంటువు 'పరిణమించెను' అంది. నేను 'తీరా చూస్తే' అని రాసుకున్నాను, ఇక మరిచిపోలేదు. 'షో అప్' పక్కన 'ఊడిపడటం'. 'మెస్ అరౌండ్' పక్కన 'ఊరికే కెలకడం'. గిటారు పట్టుకుని ఊరికే కెలుకుతుంటే ఆ వరుస వచ్చింది అని ఒకాయన చెబుతుంటే ఆ మాట సరిగ్గా కుదిరింది. 'కమ్ అప్ విత్' దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను. మనం 'తట్టింది' అంటాం, మన ప్రమేయం లేకుండా ఆలోచనే వచ్చి తట్టినట్టు. వాళ్ల మాటలో మనిషే దాన్ని ఎక్కడినుంచో పట్టుకొస్తాడు. చివరకు ఎదురుగా ఏ తెలుగు మాటా రాయకుండా, ఒక మనిషి బావిలోంచి బక్కెట తోడుతున్నట్టు బొమ్మ వేసుకున్నాను. బొమ్మ ఘోరంగా వచ్చింది కానీ పని చేసింది.

తప్పుగా అర్థం చేసుకున్నవాటికి ఇంకొక పేజీ కేటాయించాను. ఒకామె పాటను 'ఫ్రమ్ స్క్రాచ్' రాశామంటే, డీజేలు రికార్డును వేళ్లతో గీకుతారే, అలా గీకుతూ చేశారనుకున్నాను. మొదటి నుంచీ, ఏమీ లేని చోటు నుంచీ అని అట. 'బిగ్ బ్రేక్' దొరికిందంటే బృందం విడిపోయిందేమోనని జాలిపడ్డాను. తీరా చూస్తే అది జీవితం మలుపు తిరిగిన అవకాశం. ఆయన ఆనందంగా చెబుతుంటే నేను ఇటువైపు విచారంగా తలూపుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 22 నాకు బాగా గుర్తు. ఆ రోజు ఒక వృద్ధ గాయకుడి మాటలు వింటున్నాను. కుర్రతనంలో కచేరీల కోసం తిరిగిన రోజుల గురించి చెబుతున్నాడు. ప్రతి వాక్యమూ 'వీడ్' అని మొదలవుతోంది. వీడ్ అంటే గంజాయి అని ఎక్కడో విని ఉన్నాను. రాక్ సంగీతకారులు కదా, ఉంటుందిలే అనుకున్నాను. కానీ వీడ్ రాత్రంతా వ్యాను నడపడం ఏమిటి? వీడ్ పొద్దున్నే లేచి వాద్యాలు దించడం ఏమిటి? రేడియో కార్యక్రమం కాబట్టి రాతప్రతి దొరికింది. అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ 'ఫ్రెష్ ఎయిర్' లాంటి కార్యక్రమాల రాతప్రతులను తన వెబ్‌సైట్‌లో ఉంచుతుంది, నేర్చుకునేవాళ్లకు అది పెద్ద వరం. తెరిచి చూస్తే అక్కడ ఉన్నది 'వుయ్ వుడ్'. మాట్లాడేటప్పుడు 'వుడ్' మొత్తం పోయి చివరి 'డ్' మాత్రం 'వుయ్'కి అంటుకుంటుంది.

అయినా అర్థం కాలేదు. 'వుడ్' అంటే బడిలో చెప్పింది రెండే: మర్యాదగా అడగడం, లేదా 'అలా జరిగి ఉంటే ఇలా జరిగేది' అనడం. ఈయన మర్యాదగానూ అడగడం లేదు, ఊహించుకోవడమూ లేదు. జరిగిందే చెబుతున్నాడు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడో రోజు ఆ వాక్యాన్ని తెలుగులో పైకి అనుకుని చూశాను. రాత్రంతా వ్యాను నడిపేవాళ్లం. పొద్దున్నే వాద్యాలు దించేవాళ్లం. వంతులవారీగా నిద్రపోయేవాళ్లం. 'వాళ్లం'! మనం పాత రోజుల గురించి చెప్పుకునేటప్పుడు ప్రతి క్రియకూ తగిలించే ఆ 'ఏవాళ్లం'కు వాళ్లు వాడేది ఈ 'వుడ్'. దీని అన్నగారు 'యూజ్డ్ టు'. అది కూడా 'యూస్టు' అని ఒకే ముద్దగా పలుకుతారు. నేను జనవరిలో ఆ ముద్దను కొత్త పదమనుకుని నిఘంటువులో వెతికినవాణ్ని.

ఆ తర్వాత పాత ఇంటర్వ్యూలన్నీ తెరుచుకున్నట్టు అనిపించింది. సంగీతకారులు ముప్పావు వంతు గతం గురించే మాట్లాడతారు కాబట్టి ఈ రెండూ నిమిషానికి ఒకసారైనా వినిపిస్తాయి. ఏ వ్యాకరణ పుస్తకమూ నాకు ఇన్ని ఉదాహరణలు ఇవ్వలేదు.

మార్చిలో అనుకోకుండా ఒక కిటుకు దొరికింది. సంగీతకారులు చెప్పిన కథే చెబుతారు. కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడల్లా పది చోట్లకు వెళ్లాలి, పది చోట్లా అదే ప్రశ్న. అభిమానులకు విసుగేమో కానీ, నేర్చుకునేవాడికి ఇది పండగ. ఉదాహరణకు బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ 'యెస్టర్‌డే' పాట వరుస తనకు కలలో వచ్చిందని దశాబ్దాలుగా చెబుతున్నాడు. ఇది ఇంకెవరిదైనా పాటేమో, నేను ఎక్కడో విని మరిచిపోయానేమో అని చాలా రోజులు కనబడినవాళ్లనల్లా అడిగాడట. మాటలు కుదిరేదాకా 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అని ఉత్తుత్తి పదాలు పెట్టి పాడుకున్నాడట. ఈ ఒక్క కథను వేర్వేరు కాలాల్లో ఆయన నోట అయిదు సార్లు విన్నాను. కథ తెలుసు కాబట్టి అర్థం కోసం పరుగెత్తే పని లేదు, ఒకే సంగతికి ఈసారి ఏ క్రియ వాడాడు, ఏ మాట వదిలేశాడు అని తాపీగా చూసుకోవచ్చు. అయిదోసారి విన్నప్పుడు ఆయన వాక్యం పూర్తి చేయకముందే నేను ఒక మాట అందించాను. ఆయన వేరే మాట అన్నాడు. నాదీ తప్పు కాదు. ఆ రోజు కలిగిన సంతోషం ఎవరికీ చెప్పుకోలేనిది.

ఏప్రిల్‌లో మాత్రం చతికిలపడ్డాను. అమెరికా గొంతులకు అలవాటు పడ్డ చెవి బ్రిటన్ గొంతుల దగ్గర మొరాయించింది. బీబీసీ రేడియోలో 1942 నుంచి నడుస్తున్న 'డెసర్ట్ ఐలండ్ డిస్క్స్' కార్యక్రమం పట్టుకున్నాను. ఎవరూ లేని దీవిలో చిక్కుకుంటే వెంట ఏ ఎనిమిది రికార్డులు ఉండాలి, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఏవి అని అతిథిని అడుగుతారు. అన్ని రంగాలవాళ్లూ వస్తారు, నేను సంగీతకారులవే ఎంచుకున్నాను. పాటల నెపంతో అతిథి బాల్యమంతా బయటికి వస్తుంది, కాబట్టి ఇల్లు, బడి, అమ్మ, నాన్న, తగాదా, డబ్బు ఇబ్బంది గురించిన మాటలన్నీ ఒక్కచోట దొరుకుతాయి. 'గ్రూ అప్'కీ 'బ్రాట్ అప్'కీ తేడా అక్కడే తెలిసింది. మనకు పెరగడం, పెంచబడటం వేరు కదా, అంతే. ఒకామె అమ్మమ్మ దగ్గర పెరిగానని చెబుతూ ఆ రెండూ ఒకే వాక్యంలో వాడింది. కానీ లివర్‌పూల్, గ్లాస్గో గొంతులు వచ్చినప్పుడు మళ్లీ మొదటికే. ఏప్రిల్ 11 నుంచి 26 దాకా పుస్తకం తెరవలేదు. ఎవరైనా అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పాను, అబద్ధం.

మళ్లీ కూర్చోబెట్టింది ఉచ్చారణ. మనం రాసినట్టే పలికే భాష వాళ్లం కాబట్టి ఇంగ్లీషు కూడా అలాగే ఉంటుందని లోలోపల నమ్ముతాం. బాస్ గిటారును వాళ్లు 'బేస్' అంటారు. అదే అక్షరాలతో రాసే చేప మాత్రం 'బ్యాస్'. వయొలిన్ వాయించే కమాను 'బో', కచేరీ అయ్యాక వంగి నమస్కరించడం 'బౌ', రాత ఒక్కటే. 'రికార్డ్' వస్తువైతే ఊనిక మొదట, పనైతే చివర. సంగీతకారుల నోట ఇవి పదే పదే వస్తాయి కాబట్టి ప్రత్యేకంగా బట్టీపట్టే అవసరం రాలేదు. ఏళ్లుగా తప్పు పలుకుతున్నానని తెలిసి కొంచెం సిగ్గేసింది.

మే 19న అసలు ప్రమాదం జరిగింది. ఒక అమెరికా గిటారిస్టు తనకు కోపం వచ్చిన ప్రతిసారీ 'పిస్డ్' అంటుంటే ఆ మాట నా నోటికి పట్టేసింది. అంతకు ముందు రోజు ఒక సమావేశంలో నాకు నిజంగానే చిరాకు వచ్చింది. మర్నాడు బ్రిటన్ సహోద్యోగికి "నిన్న సమావేశం తర్వాత కొంచెం పిస్డ్‌గా ఉన్నాను" అని రాశాను. ఆయన వెంటనే, పార్టీ బాగా జరిగిందా అని అడిగాడు. అమెరికాలో ఆ మాటకు కోపం, బ్రిటన్‌లో తాగి ఉండటం. పైగా రెండు చోట్లా కొంచెం మోటు మాట, ఉద్యోగపు ఉత్తరాల్లో వాడేది కాదు. ఆ సాయంత్రం నా పుస్తకం మొత్తం తిరగేసి, అనుమానం ఉన్న ప్రతి మాటనూ నిఘంటువులో చూసి, మోటువాటి చుట్టూ ఎర్ర గీత గీశాను. ఇరవై ఆరు తేలాయి. సంగీతకారులు స్నేహితులతో మాట్లాడినట్టు మాట్లాడతారు, అదే వాళ్ల దగ్గర నేర్చుకోవడంలోని సుఖం, అదే గోతి కూడా. రేడియోలో కొంత వడపోత ఉంటుంది, పాడ్‌కాస్టుల్లో అదీ ఉండదు.

జూన్ అంతా మాట్లాడటానికి పెట్టుకున్నాను. విన్న కథను రెండు నిమిషాల్లో నా మాటల్లో చెప్పి ఫోనులో రికార్డు చేయడం. మొదటిది జూన్ 2న. ఒక నిమిషం నలభై సెకన్లలో ఇరవై మూడు చోట్ల ఆగాను. నా గొంతు నేను వినడం ఇంత నరకమని ఎవరూ చెప్పలేదు. నెలాఖరుకు ఆగిన చోట్లు తొమ్మిదికి తగ్గాయి. ఆగినచోట 'యు నో', 'ఐ మీన్' అనడం వచ్చింది. మన 'అంటే', 'మరి', 'కదా' లాంటివే అవి. మొదట్లో ఎవరైనా 'యు నో' అంటే ప్రశ్న అనుకుని, తెలియదని తల అడ్డంగా ఊపేవాణ్ని.

జూలై మొదటి వారంలో అమెరికా రాక్ గాయని జానిస్ జాప్లిన్ 1970లో డిక్ కావెట్ టీవీ కార్యక్రమంలో మాట్లాడిన పాత వీడియో చూశాను. తన పాత బడి విద్యార్థుల కలయికకు వెళ్తున్నానంటుంది. చదువుకునే రోజుల్లో వాళ్లు తనను చూసి నవ్వి నవ్వి తరగతిలోంచి, ఊళ్లోంచి, రాష్ట్రంలోంచే వెళ్లగొట్టారని అంటుంది. నవ్వడం అనే క్రియకు 'అవుట్ ఆఫ్' తగిలిస్తే నవ్వుతో తరిమేయడం అవుతుంది. క్యాప్షన్లు ఆపేసి ఉన్నాయి. ఒక్కసారికే అందింది. ముందు మాట అర్థమైందని సంబరపడ్డాను, ఆ వెంటనే ఆమె చెప్పింది ఏమిటో తలకెక్కి సంబరం చల్లారింది. ప్రేక్షకులు నవ్వుతున్నారు, నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికి పుస్తకంలో 212 మాటలున్నాయి. నోటికి వచ్చి, ఆలోచించకుండా వాడేవి అరవై దాకా ఉంటాయి. ఆరున్నర నెలలకు ఇది తక్కువో ఎక్కువో మీరే అనుకోండి.

నిన్న, అంటే జూలై 23 రాత్రి, జనవరిలో వదిలేసిన ఆ నలుగురి వీడియో మళ్లీ పెట్టాను. గంటలో చాలా భాగం అందింది. ఇరవయ్యో నిమిషం వచ్చింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని విన్నాను. డ్రమ్మర్ బూట్లు రెండూ రెండు రకాలట, ఇంట్లో దీపం వేయకుండా తొడుక్కుని వచ్చాడట. దానికే ఆ నవ్వు. అది కూడా డ్రమ్మర్ మాటల్లో తెలిసింది కాదు, పక్కవాడు తిరిగి చెబితే తెలిసింది. డ్రమ్మర్ గొణిగింది మాత్రం మరో నాలుగు సార్లు విన్నాను, ఒక్క ముక్క అర్థం కాలేదు.